మొదటి గురువారం, పయనీర్ స్క్వేర్

అమెరికా వాయవ్య తీరాన సియాటిల్ నగరంలో ప్రతి నెలా మొదటి గురువారం సాయంత్రం చిత్రకళా గ్యాలరీలు కూడబలుక్కుని కొత్త ప్రదర్శనలు తెరుస్తాయి. ఈ ఆనవాయితీ 1981లో పయనీర్ స్క్వేర్ అనే పాత పేటలో పుట్టింది. ఆ దేశంలో ఇలాంటి ‘ఆర్ట్ వాక్’లలో ఇదే మొదటిదని చెబుతారు. టికెట్ లేదు, పిలుపు అక్కర్లేదు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలోకి వెళ్లి పత్రిక తిరగేసినంత చనువుగా ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు. గోడల మీద బొమ్మలుంటాయి, చాలాచోట్ల వేసినవారూ అక్కడే ఉంటారు. అమ్ముడైన బొమ్మ పక్కన చిన్న ఎర్ర చుక్క అంటిస్తారు. వచ్చినవారిలో ఎక్కువమంది ఏమీ కొనరు. ఒక గ్యాలరీ నుంచి ఇంకో గ్యాలరీకి నడుస్తూ, తెలిసినవాళ్లు ఎదురైతే ఆగి మాట్లాడుకుంటూ పొద్దుపోయేదాకా గడుపుతారు.

ఆ నడకలో కాళ్ల కింద ఉన్నది దువామిష్ తెగవారి నేల. ఊరికి పెట్టిన పేరు వారి నాయకుడు సియాల్‌ది. 1855 నాటి పాయింట్ ఎలియట్ ఒప్పందంతో ఆ నేల వలస వచ్చిన తెల్లవారి పరమైంది. పదేళ్లు తిరిగేసరికి, 1865లో, ఆదివాసులు ఊళ్లో కాపురం ఉండకూడదని పాలకులు శాసనం చేశారు. ఎవరి పేరు పెట్టుకున్నారో వారినే వెళ్లగొట్టిన ఈ సంగతి సియాటిల్ చరిత్ర చెప్పే ఎవరూ దాటవేయకూడనిది.

1853లో హెన్రీ యెస్లర్ ఈ పేటలో పెట్టిన ఆవిరి రంపపు మిల్లు చుట్టూ కొయ్య ఇళ్లతో ఊరు పెరిగింది. 1889 జూన్ 6న ఒక వడ్రంగి దుకాణంలో జిగురు కాస్తుండగా నిప్పంటుకుని వ్యాపార కేంద్రమంతా బూడిదైంది. ఆపైన ఇటుకతో, రాతితోనే కట్టాలన్నారు. వీధుల మట్టం కూడా ఎత్తు చేయడంతో కొన్ని భవనాల కింది అంతస్తులు నేలమాళిగలయ్యాయి. 1897లో క్లోండైక్ బంగారం కోసం ఉత్తరాదికి పోయేవారు ఇక్కడే సరుకులు కొనడంతో పేటకు కలిసివచ్చింది. తర్వాత వ్యాపారమంతా మెల్లగా ఉత్తరపు వీధులకు తరలింది.

ఈ పేటకు ఆనుకుని జపనీయుల వాడ ఉండేది. కమెకిచి టొకిటా, కెంజిరో నొమురా అక్కడ సైన్‌బోర్డులు రాసే దుకాణం నడుపుతూ, తీరిక వేళల్లో సియాటిల్ వీధులను తైలవర్ణాల్లో చిత్రించారు. 1930లలో వారి బొమ్మలు మ్యూజియంలకెక్కాయి. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక, 1942లో, అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వు మేరకు పశ్చిమ తీరపు జపనీయ సంతతివారిని, సుమారు 1,20,000 మందిని, నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. టొకిటా, నొమురా కుటుంబాలు ఐడహోలోని మినిడోకా శిబిరానికి చేరాయి. అక్కడా వారిద్దరూ బొమ్మలు వేశారు. ప్రభుత్వం తప్పు ఒప్పుకుని పరిహారం చట్టం చేసింది 1988లో. అప్పటికి ఆ ఇద్దరూ లేరు.

1960ల నాటికి పయనీర్ స్క్వేర్ శిథిలావస్థకు వచ్చింది. పేరున్న సియాటిల్ హోటల్‌ను పడగొట్టి కార్ల గ్యారేజీ కట్టారు. దానితో జనం ఉలిక్కిపడ్డారు. ఆర్కిటెక్ట్ రాల్ఫ్ ఆండర్సన్, గ్యాలరీ యజమాని రిచర్డ్ వైట్ వంటివారు పాత భవనాలు కొని బాగుచేయించారు. 1970లో నగర మండలి పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అద్దెలు తక్కువ, గదులు విశాలం, కిటికీలు పెద్దవి. అందుకే చిత్రకారులు, వారి వెంట గ్యాలరీలు వచ్చి చేరాయి. చట్టం భవనాలను నిలిపింది గాని, పేటకు ప్రాణం తెచ్చినవారు వీళ్లే.

ఆ రోజుల్లోనే, 1971లో, నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బోధించడానికి సియాటిల్ వచ్చాడు. దక్షిణాది నల్లవారి వలసను 60 బొమ్మల్లో చెప్పి అప్పటికే పేరుపొందినవాడు. ఇక్కడ ఆయన జార్జ్ వాషింగ్టన్ బుష్ కథను అయిదు బొమ్మలుగా వేశాడు. 1844లో బండ్ల బారుతో పడమరకు వచ్చిన బుష్ కుటుంబం, నల్లవారు స్థిరపడరాదన్న ఆరెగాన్ చట్టం వల్ల ఇంకా ఉత్తరానికి సాగి, నేటి వాషింగ్టన్ రాష్ట్రంలో పొలం చేసుకుంది.

క్రమంగా పేటలో అద్దెలు పెరిగాయి, కళాకారులే నిలవలేని పరిస్థితి వచ్చింది. దానికి విరుగుడుగా 2004లో టాషిరో–కప్లాన్ భవనాలను తక్కువ అద్దెకు 50 ఇళ్లుగా మార్చి కళాకారులకిచ్చారు. కింది అంతస్తులో గ్యాలరీలున్నాయి. టాషిరో అన్నది అక్కడ హార్డ్‌వేర్ దుకాణం నడిపిన జపనీయుల ఇంటిపేరు.