బోర్డెన్‌టౌన్‌లో జాన్ బుల్: షెడ్డు వైపు నుంచి ఒక ఆవిరి ఇంజన్ చరిత్ర

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో మీదుగా పోయే న్యూయార్క్–ఫిలడెల్ఫియా రైలుదారిని 1860లలో వేశారు. అంతకుముందు ట్రెంటన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్‌కు రైళ్లు కాలువగట్టు వెంబడి మెలికలు తిరుగుతూ వెళ్లేవి. 1933లో ఈ దారికి కరెంటు రావడంతో ప్రయాణికుల రైళ్లకు ఆవిరి ఇంజన్ల అవసరం తీరిపోయింది. ఇవాళ పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో ఎందరో తెలుగువాళ్లు రైలెక్కుతారు. ఈ ప్రాంతపు తొలి ఇంజన్లలో ఒకటైన జాన్ బుల్ కథ మాత్రం, ఇక్కడికి దక్షిణాన ఉన్న బోర్డెన్‌టౌన్‌లో మొదలైంది.

జాన్ బుల్‌ను ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రాబర్ట్ స్టీవెన్‌సన్ కంపెనీ తయారుచేసింది. గ్రంథాల్లో దాని చిరునామా అదే. క్యామ్‌డెన్ అండ్ ఆంబాయ్ రైల్వే కోసం 1831లో అది ఓడెక్కి, విడిభాగాలుగా బోర్డెన్‌టౌన్ చేరింది. ఎలా బిగించాలో తెలిపే నక్షాలు వెంట రాలేదు. ఆ పని ఐజాక్ డ్రిప్స్ అనే యువ మెకానిక్ మీద పడింది. అతను అంతకుముందు రైలింజన్‌ను చూసినవాడే కాదు. ముక్కలన్నీ పేర్చి సెప్టెంబరుకల్లా ఆవిరి పుట్టించాడు. నీళ్లు, ఇంధనం మోసే టెండరు లేకపోతే విస్కీ పీపాను నాలుగు చక్రాల బండి మీద పెట్టి నీళ్లతొట్టి చేశాడు. దాని నుంచి ఇంజన్‌కు నీళ్లు పోయే తోలుగొట్టం ఊళ్లోని ఒక చెప్పులు కుట్టేవాడు కుట్టి ఇచ్చినది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. గట్టి ఇంగ్లిష్ పట్టాలకు తగ్గట్టు చేసిన ఇంజన్ ఇక్కడి వంపుల్లో, ఎగుడుదిగుడు దారిలో పట్టాలు తప్పేది. దాంతో ముందు రెండు చక్రాల బండిని తగిలించారు. ముందు ఇరుసు పక్కలకు కదలాలి కనుక చక్రాలను జతకలిపే కడ్డీలు తీసేశారు. లాగే బలం వెనక చక్రాలకే మిగిలింది. పట్టు తగ్గినా పట్టాల మీద నిలబడటం ముఖ్యమన్న ఈ నిర్ణయం న్యూకాసిల్‌ది కాదు, దారి ఎరిగిన పనివాళ్లది. పశువులను తప్పించే ముందరి చట్రం, నిప్పురవ్వలను ఆపే పొగగొట్టం కూడా ఇక్కడి చేర్పులే. 1866లో విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత స్మిత్సోనియన్ మ్యూజియం చేరిన ఇంజన్ 1981లో, తొలిసారి నడిచిన నూటయాభై ఏళ్లకు, తన ఆవిరితోనే మళ్లీ నడిచింది. ఆ రోజు నడిచింది డ్రిప్స్ బృందం మార్చిన యంత్రమే. అందుకే తయారీదారు పేరొక్కటే ఇంజన్ చరిత్ర కాదంటున్నాను.

తయారీదారు పేరుకూ షెడ్డు పనికీ మధ్య ఈ ఎడం మన భారతదేశంలో మరీ పెద్దది. మన రైల్వేల డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజన్లలో మొదటి 16ను 1947లో ఫిలడెల్ఫియా ప్రాంతపు బాల్డ్విన్ కంపెనీయే పంపింది. డబ్ల్యూజీ తరగతిలో మొదటి వంద ఇంజన్లు స్కాట్లండు నగరం గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీవి. ఈ అంకెలు పుస్తకాల్లో దొరుకుతాయి. బిట్రగుంట, కాజీపేట లాంటి లోకోషెడ్లలో బాయిలర్ కడిగి, గొట్టాల్లో పేరుకున్న సున్నపు పొర గీకి, నిప్పు తీసి, బూడిద ఎత్తి, తెల్లారేసరికి ఇంజన్‌ను బండికి సిద్ధం చేసిన ఫిట్టర్లు, ఖలాసీల పని మాత్రం అంత తేలిగ్గా దొరకదు. అక్కడి నీటి గుణం, బొగ్గు నాణ్యత మారితే ఇంజన్ నడకే మారేది. అందుకు వాళ్లు ఏమేం సర్దుబాట్లు చేశారో రికార్డు చేయాలి. మన బ్రాడ్‌గేజి మీద ఆవిరి రైళ్లు 1990ల దాకా నడిచాయి గనుక, ఆ పని చేసిన చేతులను ఇంకా అడిగి తెలుసుకోవచ్చు.