గ్రామఫోను పెట్టె: బాగుచేయుట, మార్చుట

మన సంఘములలో డెబ్బై ఏళ్ళు పైబడిన పెద్దలను అడిగి చూడండి. కీ ఇచ్చి, ప్లేటు వేసి, ముల్లు ఆనించే గ్రామఫోను పెట్టెను ఎవరి ఇంటిలోనో ఒకరి ఇంటిలో చూశామని చెబుతారు. మేము సేవచేసిన ఒక పాత మిషను బంగళా అటక మీద అటువంటి పెట్టె దొరికినది. దానిని బాగుచేయించబోయి చెడగొట్టించిన వారము మేమే. ఈ సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయమన్నప్పుడు ఆ పెట్టెయే జ్ఞాపకమునకు వచ్చినది.

1877లో ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్థూపమును చేతితో త్రిప్పుచు మాటను పట్టి, మరల పలికించాడు. 1886లో బెల్, టెయింటర్ అనువారు మైనపు స్థూపమునకు పేటెంటు పొందారు. మరుసటి ఏడు ఎమిల్ బెర్లినర్ గ్రామఫోనుకు పేటెంటు తీసుకున్నాడు. గుండ్రని పలక, అనగా మన ప్లేటు, ఆయన వలన వచ్చినదే. 1896లో ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ చేసిన స్ప్రింగు మోటారుతో చేతి త్రిప్పుడు తప్పినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డయినవి.

మన వారికి ప్రీతికరమైన సంగతి ఒకటి చెప్పాలి. భారత భాషల సర్వే చేసిన గ్రియర్‌సన్ దొర, భాషలను పోల్చి చూచుటకు తప్పిపోయిన కుమారుని ఉపమానమును నమూనాగా ఎన్నుకున్నాడు. 1910ల నుండి 1920ల వరకు ఆయా భాషలను గ్రామఫోను ప్లేట్ల మీద పట్టించినప్పుడు కూడా ఆ ఉపమానమునే చెప్పించారు. ఆ భాషలలో తెలుగు కూడా ఉన్నది. నేడు వాటిని కంప్యూటరులో వినవచ్చును. కాని ప్లేటును దాని కాలపు పెట్టె మీద వినుట వేరు.

ఆ పెట్టెలో ఎక్కువగా చెడేవి మూడు నాలుగే. స్ప్రింగుకు పూసిన గ్రీజు ఏండ్ల తరబడి గట్టిపడి బంక అవుతుంది. అప్పుడు స్ప్రింగు ఒక్కసారిగా జారి లోపల ధబ్బున శబ్దము చేస్తుంది. అది విరిగినదని భయపడనక్కరలేదు, శుభ్రము చేసి గ్రాఫైటు కలిపిన గ్రీజు పట్టిస్తే చాలు. అయితే బిగిసియున్న స్ప్రింగును తెలియని వారు డబ్బాలో నుండి బయటకు తీయబోతే చేతులు తెగుతాయి. వేగమును అదుపుచేసే గవర్నరుకు మూడు గుండ్లు, పలుచని పట్టీలు ఉంటాయి. వాటిలో ఒక పట్టీ విరిగినా పాట వణకుతుంది.

అసలు ప్రాణము సౌండు బాక్సులో ఉన్నది. పాత వాటిలో అభ్రకపు బిళ్ళ ఉంటుంది (గూడూరు ప్రాంతము వారికి అభ్రకమును పరిచయము చేయనక్కరలేదు). ఆ బిళ్ళను ఇరువైపుల పట్టియుంచే రబ్బరు వలయములు మెత్తగా ఉండాలి. అవి రాయిలాగ గట్టిపడితే బిళ్ళ కదలలేక పాట రేకుడబ్బాలో పలికినట్లు గరగరలాడుతుంది. క్రొత్త రబ్బరు వేస్తే చాలా మట్టుకు స్వరము తిరిగివస్తుంది. అసలు లోహమే చెడితే మాత్రము చేయగలిగినది తక్కువ. 1920లు, 30లలో పోత పోసిన జింకు మిశ్రమపు భాగములు, లోపలి మాలిన్యము వలన ఉబ్బి, బీటలు వారి, తీయబోతే చేతిలోనే ముక్కలవుతాయి.

భాగములు మార్చుట పాపమేమీ కాదు. ఎడిసన్ కంపెనీయే ఆ పని చేసినది. 1908లో నాలుగు నిమిషముల స్థూపము వచ్చినది. పాత రెండు నిమిషముల స్థూపము మీద అంగుళమునకు 100 గాళ్ళుంటే దీని మీద 200. పాత యంత్రము కొన్నవారు దానిని పారవేయకుండ, క్రొత్త పళ్ళచక్రములను, సన్నని నీలపు మొనగల రిప్రొడ్యూసరును కంపెనీ వారే అమ్మారు. మార్చిన తరువాత కూడా పాత స్థూపములు పాడేవి. ఆ మార్పు యంత్రమునకు ఒక వరమును చేర్చినదే గాని ఉన్నదానిని తీసివేయలేదు.

మా పెట్టెకు జరిగినది అట్లు కాదు. క్రిస్మసు నాటికి గట్టిగా వినబడాలని మా ఆత్రము. ఒక మెకానిక్కు సౌండు బాక్సు పనికిరాదని, టోన్ ఆర్ము కోసి ఎలక్ట్రిక్ పికప్ బిగిస్తానని అన్నాడు. మేము సరే అన్నాము. తేలికపాటి పికప్ ప్లేటుకు మేలే. పాత సౌండు బాక్సు బరువుగా ఆనుతుంది, ఉక్కు ముల్లును ప్రతి ప్రక్కకు మార్చకపోతే గాడి అరిగిపోతుంది. కాని ఆ పికప్‌ను వేరే యంత్రము మీద పెట్టుకొనవలసినది. ఆ క్రిస్మసుకు పాట వినబడినది, రేడియో పలికినట్లే. రెండేళ్ళ తరువాత మరొక ముసలి పనివాడు దానిని చూచి అడిగిన మొదటి ప్రశ్న, "అయ్యగారూ, రబ్బరు మార్చి చూశారా?" అని. మేము జవాబు చెప్పలేకపోయాము. సౌండు బాక్సు అప్పటికే పాత ఇనుములోకి పోయినది.

ఆయనే మరొక పాడైన పెట్టెలోనిది తెచ్చి, కోసిన చోట ఇత్తడి గొట్టము అతికి బిగించాడు. ఇప్పుడు పాడుతుంది, కొంచెము ముక్కుతో పాడినట్లు. ఏ భాగము ఏ సంవత్సరములో మార్చినదీ ఒక కాగితము మీద వ్రాసి మూత లోపల అంటించాము. కోసి తీసిన ముక్కను గుడ్డలో చుట్టి పెట్టె అడుగున ఉంచాము.