మావయ్య జీపు వణుకు, మూడు వందల ఏళ్ల కిందటి జవాబు

మా మావయ్య జీపు వణకడం వల్లే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది కొరాపుట్ జిల్లా. సంత రోజున మనుషుల్ని, బస్తాల్ని ఎక్కించుకుని కొండదారిలో తిరిగే జీపు అది. అడుగుభాగం రాళ్లకు తగులుతోందని మావయ్య వెనక కమాన్లకు పొడుగు షాకిళ్లు వేయించి ఎత్తు పెంచాడు. అప్పటినుంచి బండి 40 దాటితే చాలు, సీటు కింద గుర్రుమని మోత, బండంతా వణుకు. రెండుసార్లు క్రాసులు మార్చినా తగ్గలేదు. "నీకు బిగించడం రాదు" అని షెడ్డులో పని నేర్చుకుంటున్న అన్నని మావయ్య అందరి ముందూ తిట్టాడు. అతను ఏమీ అనలేదు గానీ మొహం చిన్నబోయింది. తప్పు నిజంగా అతనిదేనా? మా సైన్సు మాస్టారిని అడిగితే, "ముందు ఆ క్రాసు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోమ్మా" అన్నారు.

జీపులో ఇంజను ముందు ఉంటుంది. దాని బలం వెనక చక్రాలకు ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే గొట్టం ద్వారా వెళ్తుంది. గేర్ బాక్సు పైన, వెనక హౌసింగ్ కింద ఉంటాయి. పైగా గతుకుల్లో హౌసింగ్ ఊగుతూ ఉంటుంది. అందుకే గొట్టానికి రెండు చివర్లా వంగే కీలు కావాలి. ప్లస్ గుర్తులా ఉండే ఆ కీలు ముక్కనే షెడ్డుల్లో క్రాసు అంటారు.

16వ శతాబ్దంలో ఇటలీలో కార్డానో అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన గొప్ప గణిత పండితుడు కూడా. ఎటు వంచినా లోపలి వస్తువు నిలకడగా ఉండేలా వలయాల్ని ఒకదానిలో ఒకటి అమర్చే పద్ధతి గురించి ఆయన రాశాడు. ఆ పద్ధతి ఆయనకంటే చాలా పాతదే అయినా, పేరు మాత్రం ఆయనదే నిలిచింది. ఇప్పటికీ చాలా దేశాల్లో ఈ గొట్టాన్ని కార్డన్ షాఫ్ట్ అంటారు.

తర్వాతివాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. జీవకణం పాఠంలో మనం చదివిన హుక్ ఈయనే. 1676లో అచ్చయిన పుస్తకంలో ఈ కీలు గురించి వివరించాడు. ఇందులో ఒక చిక్కు ఉందని కూడా గమనించాడు. కీలు వంగి ఉన్నప్పుడు ఒక వైపు సమంగా తిప్పినా, రెండో వైపు సమంగా తిరగదు. నీడ గడియారంలో సూర్యుడు సమంగా కదిలినా నీడ గంటగంటకూ ఒకే కోణం జరగదు కదా, అలాగన్నమాట. కీలు 30 డిగ్రీలు వంగితే, 100 వేగంతో తిప్పినప్పుడు అవతలి వైపు వేగం 87కి తగ్గుతూ 115కి పెరుగుతూ ఉంటుంది. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు ఇలా జరుగుతుంది. వణుకు ఇక్కడే పుడుతుంది.

దీనికి విరుగుడు కూడా హుక్ 1683లో చెప్పాడు. మధ్య గొట్టానికి రెండు చివర్లా రెండు కీళ్లు పెట్టాలి. మొదటిది చేసిన తేడాని రెండోది సరిచేస్తుంది. కానీ రెండు షరతులు ఉన్నాయి. గొట్టం రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండాలి. రెండు కీళ్ల కోణాలు సమానంగా ఉండాలి.

అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి కార్లకు గొలుసు బదులు ఈ కీళ్ల షాఫ్టు పెట్టి 1903లో పేటెంటు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుల్లోనూ ఈ కీళ్లే ఉన్నాయి. యుద్ధం తర్వాత మహీంద్రా కంపెనీ ఆ జీపుల్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. అలా ఈ కీలు మన కొండలదాకా వచ్చింది.

ఇదంతా చెప్పాక మావయ్య, "సరే, చూద్దాం పద" అన్నాడు. చదునైన రోడ్డు మీద 50లో వెళ్తూ న్యూట్రల్ చేశాడు. ఇంజను చప్పుడు తగ్గింది, వణుకు తగ్గలేదు. అంటే ఇంజను కాదు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు నాలుగైదు చుట్లు తిరుగుతుంది. టైరు లోపమైతే మెల్లగా దడదడమనాలి. ఇది సన్నగా, త్వరత్వరగా వస్తోంది. క్రాసు ఎండితే కీచుమంటుంది, అరిగితే గేరు వేయగానే టక్కుమంటుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. షెడ్డులో బండి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి కిందికి దూరి చూశారు. యోకులు ఒకే వరసలో ఉన్నాయి. అంటే ఆ అన్న సరిగ్గానే బిగించాడు!

మిగిలింది కోణాలు. దారానికి నట్టు కట్టి, నా జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి కొలిచాం. ముందు కీలు 12 డిగ్రీలు, వెనకది 9 వచ్చింది. పొడుగు షాకిళ్ల వల్ల కమాను వాలిపోయి హౌసింగ్ మూతి పైకి లేచింది. కమానుకీ హౌసింగ్‌కీ మధ్య 3 డిగ్రీల వాలున్న ఇనప బిళ్లలు వేసి దాన్ని కిందికి దించారు. ఇప్పుడు మోత చాలావరకు పోయింది. 60 దాటితే కొంచెం ఉంటుంది, ఎందుకంటే కోణాలు సమానమైనా ఇంకా ఎక్కువే.

మావయ్య ఆ అన్నని పిలిచి, "నువ్వు బాగానే బిగించావురా. ఎత్తు పెంచింది నేనే కదా" అన్నాడు. ఈసారి కూడా అందరి ముందే అన్నాడు. అన్న ఏమీ మాట్లాడకుండా కాస్త నవ్వాడు.

బండి వణికితే ముందు కారణం వెతకాలి, ఆ తర్వాతే మనిషిని అనాలి. హుక్ రాసింది ఇన్నేళ్ల తర్వాత మా షెడ్డులో ఒకరి మాట నిలబెట్టింది.