ఉప్పు మోసినోళ్లు, నిద్రలేని రాత్రులు

ఉప్పు చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేది 1930 దండి యాత్ర. పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి. కానీ అంతకు చాలా ముందే ఉప్పు మన ఎరుకల, లంబాడీ పెద్దోళ్ల బతుకుతెరువు. అది మన పుస్తకాల్లో కనపడదు.

రైళ్లు రాకముందు సముద్రం ఒడ్డున పండిన ఉప్పు లోపలి ఊళ్లకు ఎట్లా చేరేది? లంబాడీలు ఎడ్ల మీద పెరికెలేసి బిడారులుగా తోలుకొచ్చేవాళ్లు. ఎరుకలోళ్లు గాడిదల మీద తెచ్చి, ఊరూరా ఉప్పిచ్చి గింజలు తీసుకునేవాళ్లు. ఎరుకల్లో ‘ఉప్పు ఎరుకల’ అనే శాఖ పేరే అందుకు సాక్ష్యం. లంబాడీ అనే మాట కూడా ‘లవణం’ నుంచే వచ్చిందని కొందరు పండితులంటారు.

1805లో మద్రాసు రాజ్యంలో ఉప్పు వ్యాపారం మొత్తాన్ని కంపెనీ తన గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత పన్ను పెరిగింది. రోడ్లు, రైళ్లు వచ్చి ఎడ్ల బిడారుతో పని లేకుండా చేశాయి. 1876-78 కరువు మిగిలిన పశువుల్నీ తినేసింది. సరుకు పోయింది, తిరుగుడు మిగిలింది. పనిలేకుండా తిరిగేవాళ్లు దొంగలేనని సర్కారు తేల్చేసింది. 1871 నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లాలోనే, బాపట్ల దగ్గర, ఎరుకల కోసం స్టూవర్టుపురం సెటిల్మెంట్ పెట్టారు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది.

ఆ చట్టం కింద పేరెక్కినోళ్లు వేలిముద్రలివ్వాలి, చెప్పిన వేళకు హాజరవ్వాలి. చాలాచోట్ల ఆ హాజరు రాత్రిపూటే. పగలంతా కూలి చేసినోడు అర్ధరాత్రి లేచి వెళ్లి పేరు పలికించుకోవాలి. ఉప్పు వ్యాపారం పోయినోళ్లకు నిద్ర కూడా పోయింది. ఆ చట్టం రద్దయింది 1952లో.

ఇప్పుడు ఉప్పు మనకు మోసే సరుకు కాదు, పళ్లెంలో సరుకు. రాత్రి పచ్చడన్నం, అప్పడాలు, చిప్స్ తిని పడుకుంటే దాహమేసి లేస్తాం. ఒంట్లో ఎక్కువైన ఉప్పును మూత్రపిండాలు నీళ్లతో కలిపి బయటికి పంపాలి కాబట్టి మళ్లీ లేస్తాం. జపాన్‌లోని నాగసాకిలో వైద్యులు 300 మందికి పైగా చూసి 2017లో ఒక సంగతి చెప్పారు. ఉప్పును రోజుకు 10.7 గ్రాముల నుంచి 8కి తగ్గించినవాళ్లు రాత్రి మూత్రానికి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కి తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాములే, అంటే ఒక టీ స్పూను.

రాత్రి హాజరు కళ్లారా చూసినోళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతల్నీ, అవ్వల్నీ అడగండి. చెప్పింది ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. వాళ్ల పళ్లెంలో పచ్చడి ఎంత పడుతుందో కూడా ఓ కంట చూడండి. ఇన్నాళ్లకైనా వాళ్లు కంటినిండా నిద్రపోవాలి గదా.