ఐమూలగా కట్టిన తీగ

హైదరాబాద్ శివార్లలో దమ్మాయిగూడ, నాగారం వైపు లేఅవుట్లలో మామూలుగా కనిపించే ప్లాటు 200 గజాలది. ముందు 30 అడుగులు, లోపలికి 60. హామ్ (అమెచ్యూర్) రేడియోవాళ్లు 40 మీటర్ల బ్యాండులో, అంటే 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, మాట్లాడాలంటే కట్టుకోగలిగిన అతి చౌక యాంటెన్నా డైపోల్. తరంగం పొడవులో సగానికి రాగి తీగ కోసి, దాన్ని నడిమికి తెంపి, అక్కడ కేబులు అతికిస్తే అయిపోయినట్టే. ఆ తీగ 66 అడుగులు తేలుతుంది. ప్రహరీ వెంబడి లాగితే ఆరడుగులు పక్కింటివాళ్ల మీదికి పోతుంది. ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకు ఐమూలగా కడితే 67 అడుగులు దొరుకుతుంది. తీగ పట్టగా, రెండు కొసలా ఇన్సులేటర్లు కట్టుకోవడానికి అరడుగు చొప్పున మిగులుతుంది. ఇంత కొలత చూసుకుని కట్టిన తీగ కింద ఏడాదికి రెండుసార్లు శని, ఆదివారాలు నిద్ర మానుకుని కూచుని, ముక్కూ మొహం తెలియని వందలమందికి రెండంకెల సంఖ్య ఒకటి చెప్పి, వాళ్లు చెప్పింది రాసుకోవడం దేనికి? హామ్ రేడియో మాట మన పత్రికల్లో తుపానప్పుడో భూకంపమప్పుడో తప్ప పెద్దగా కనబడదు. సేవ గొప్పది, పోటీ దానికి అంటుకున్న సరదా అనే అభిప్రాయం అక్కడే స్థిరపడిపోయింది. చరిత్రలోకి వెళ్లి చూస్తే వరస తిరగబడి కనిపిస్తుంది. ఆపదలో అక్కరకొచ్చిన పనితనం చాలావరకు ఆటలో అబ్బిందే.

ఆసియా ఖండానికి మా పోటీ అని చెప్పుకోదగ్గది జపాన్ అమెచ్యూర్ రేడియో లీగ్ నడిపే ఆల్ ఏషియన్ డీఎక్స్ కాంటెస్ట్. జూన్ మూడో వారాంతంలో మోర్స్‌లో, సెప్టెంబరు మొదటి వారాంతంలో గొంతుతో. అంతర్జాతీయ సమయం ప్రకారం శనివారం సున్నా గంటకు మొదలై 48 గంటలు సాగుతుంది. మనకది తెల్లవారుజామున ఐదున్నర. సొంత దేశపు స్టేషన్‌తో మాట్లాడితే పాయింట్లు రావు, ఎన్ని దేశాలు దొరికితే స్కోరు అంతగా పెరుగుతుంది. ప్రతి ఒక్కరూ ఎదుటివాళ్ల సిగ్నల్ ఎలా ఉందో మొదట చెప్పాలి, తర్వాత తమ వయసు చెప్పాలి. ఆడవాళ్లు కావాలంటే సున్నా సున్నా అనవచ్చు. ఆడవాళ్ల వయసు అడగకూడదన్న మర్యాద జపాన్‌లోనూ ఉంది కాబోలు. సిగ్నల్ రిపోర్టు దాదాపు ఎప్పుడూ ఐదు తొమ్మిదే. అవతలి గొంతు గాలివానలో దీపంలా ఊగుతున్నా ఐదు తొమ్మిదే అంటారు. మోర్స్‌లోనైతే తొమ్మిది కొట్టే ఓపిక కూడా లేక దాని బదులు ఎన్ అక్షరం కొట్టి పోతారు. కాబట్టి అందులో సమాచారమేమీ లేదు. వయసు అలా కాదు. అది ఊహకు అందదు, నిరుటి లాగ్ చూసి రాస్తే ఏడాది తప్పుతుంది, చెవితో విని తీరాలి. ఇంత చిన్న నియమంలో పోటీ స్వభావమంతా ఉంది. హోరులోంచి రెండంకెలు తప్పు లేకుండా పట్టుకోవడం, పట్టుకున్నామని అవతలివాళ్లకు తెలియజేయడం, వెంటనే తర్వాతి వాళ్లకు చోటివ్వడం.

పోటీ పుట్టుక చూసినా ఇదే తెలుస్తుంది. 1914లో మొదలైన అమెరికన్ రేడియో రిలే లీగ్ పేరులోనే రిలే ఉంది. అప్పటి సెట్ల అందుబాటు తక్కువ కాబట్టి ఒకరి సందేశం ఇంకొకరు అందుకుని ముందుకు పంపడమే ఆ సంఘం పని. 1930లో వాళ్లు మొదలుపెట్టిన స్వీప్‌స్టేక్స్ పోటీలో ఇప్పటికీ మార్చుకునేవి వరస సంఖ్య, తరగతి, కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), చెక్, ప్రాంతం. ఇవి ఎక్కడివో కావు, లాంఛనమైన రేడియో సందేశానికి తలకట్టు రాసే వరస. సందేశం జారిపోయింది, తలకట్టు మాత్రం పోటీలో నిలిచిపోయింది. చెక్ అంటే ఒకప్పుడు సందేశంలో మాటల లెక్క. ఇప్పుడు ఆ చోట ఆపరేటరు మొదటిసారి లైసెన్సు తీసుకున్న ఏడాదిలో చివరి రెండంకెలు చెప్తారు. 1933లో వచ్చిన ఫీల్డ్ డే ఇంకో అడుగు ముందుకేసి, ఇల్లు వదిలి బయలు ప్రదేశంలో సొంత కరెంటుతో స్టేషన్ నిలబెట్టమంది. లాగ్‌ల తనిఖీ కూడా కఠినమైంది. కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే పెద్ద పోటీల్లో ఆ పాయింట్లు పోవడమే కాక అదనంగా జరిమానా పడుతుంది. అల్లరి ఆట అని కొట్టిపారేసేవాళ్లు ఈ నిబంధన దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

మన దగ్గర మాత్రం రేడియో ఇంట్లో పుట్టి దర్బారుకు చేరింది. 1933లో తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ అనే ఆయన హైదరాబాద్ చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ప్రసారం మొదలుపెట్టాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, అదే దక్కన్ రేడియో. 1950లో ఆకాశవాణి చేతికి వచ్చింది. అది ప్రసారం సంగతి, ఒకరు చెప్తే అందరూ వినేది. ఇద్దరు మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియోకు బ్రిటిష్ ఇండియాలో 1921 నుంచే మనుషులు కనిపిస్తారు, కలకత్తా అమరేంద్ర చంద్ర గుప్తుతో మొదలు. 1939లో యుద్ధం రాగానే ఆ కొద్దిమంది సెట్లూ మూతబడ్డాయి. ప్రభుత్వానికి రేడియో అంటే ఒక చేత్తో ప్రచారం, ఇంకో చేత్తో అనుమానం. ఆ అనుమానం స్వాతంత్ర్యంతో పోలేదు. 1948లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడినా, లైసెన్సుకు ఎదురుచూపులు, పోలీసు విచారణ చాలాకాలం మామూలే. ఇంత అనుమానం మధ్య బతకడానికి హామ్‌లు ఎంచుకున్న సమాధానం సేవ. ఆపదలో ఉపయోగపడతాం, మమ్మల్ని ఉండనివ్వండి అని. ఆ మాటలో అబద్ధం లేదు. కాకపోతే దాన్నే పదేపదే చెప్పుకోవడంతో మిగతాదంతా చాటుకు పోయింది. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ రూల్స్ తీసి చూస్తే నిర్వచనంలో విపత్తు ఊసే లేదు. స్వీయ శిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన, డబ్బు ఆశ లేకుండా సొంత ఆసక్తితో చేసేది. మొదటి మాట స్వీయ శిక్షణ. పోటీకి ఇంతకంటే చట్టబద్ధమైన సమర్థన వెతకనక్కర్లేదు.

హైదరాబాద్ తూర్పు అంచు గురించి ఒక భ్రమ కూడా తీర్చుకోవాలి. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది, దాన్ని స్థాపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు ఏకంగా ఏఎస్ రావు నగర్‌గా నిలిచింది. తర్వాత నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ వచ్చింది. ఇన్ని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల పక్కన హామ్ రేడియో దానంతటదే పెరుగుతుందని అనిపిస్తుంది. కానీ సర్క్యూట్ తెలిసినవాడికి చెవి తెలియాలని లేదు. టంకం పెట్టడం ఒక విద్య, 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో కిక్కిరిసిన గొంతుల మధ్య ఒక్కడిని పట్టుకోవడం వేరే విద్య. రెండోదానికి పరికరం కావాలి, ఆ పరికరమే దేశంలో దొరికేది కాదు. మిలిటరీ డిస్పోజల్స్‌లో వచ్చిన పాత రిసీవర్లు, కోఠి గుజరాతీ గల్లీలో ఏరుకున్న విడిభాగాలు, అట్టపెట్టెలో కట్టుకున్న ట్రాన్స్‌మిటర్లు: ఒక తరం ఇలాగే నడిచింది. తనే హామ్ అయిన రాజీవ్ గాంధీ ప్రధాని అయిన ఏడాది, 1984లో, దిగుమతి సుంకం ఎత్తేశాక విదేశీ సెట్లు రావడం సులువైంది. దానికి ఏడాది ముందే, 1983లో, సూరి అనే హామ్ హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలుపెట్టారు. ఆయన కాల్‌సైన్ వీయూ2ఎంవై. రాజ్‌భవన్ రోడ్డులోని ఆ సంస్థ పేరు బయటివాళ్లకు తెలిసింది విపత్తుల వల్లే. అయితే ఆ సంస్థ చేసినవాటిలో అందరికీ గుర్తున్న పని విపత్తు కోసం మొదలైంది కాదు.

అండమాన్ దీవుల నుంచి దాదాపు 17 ఏళ్లుగా అమెచ్యూర్ స్టేషన్ పలకలేదు. ప్రపంచంలో దేశాల లెక్క పెట్టుకునే, అందులో అండమాన్‌ను విడిగా లెక్కించే హామ్‌లకు అది తీరని లోటు. 2004 డిసెంబరు మొదట్లో భారతి ప్రసాద్ నాయకత్వంలో ఆ సంస్థ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటల్ నుంచి గాలిలోకి వచ్చింది. ఇలాంటి యాత్రను డీఎక్స్‌పెడిషన్ అంటారు. ఒక్క పిలుపు వినబడితే చాలు, జపాన్, యూరప్, అమెరికా నుంచి వందలమంది ఒకేసారి తమ కాల్‌సైన్ అరుస్తారు. దాని పేరు పైల్అప్. ఆపరేటరు ఆ గోలలోంచి రెండక్షరాలు పట్టుకుని, ఆ రెండూ ఉన్నవాళ్లను మాత్రమే మళ్లీ రమ్మని, రిపోర్టు ఇచ్చి పుచ్చుకుని, లాగ్‌లో రాసి, పది సెకన్లలో ముగించాలి. మిగతావాళ్లు నోరు మూసుకోవాలి, అలా మూయించడం కూడా ఆపరేటరు పనే. మూడు వారాలకు పైగా ఇదే సాగింది. 26వ తేదీ ఉదయం ఆరున్నరకు భూమి ఊగింది, వెనకే సునామీ వచ్చింది. ప్రధాన భూభాగంతో అక్కడి మామూలు సంబంధాలు తెగిపోయినప్పుడు స్టేషన్ ఉంది, యాంటెన్నా ఉంది, ఏ గంటకు ఏ బ్యాండు ఎక్కడిదాకా పలుకుతుందో మూడు వారాలుగా చెవులకు అలవాటైన ఆపరేటర్లు ఉన్నారు. ఆట ఆగింది. అవే సెట్లు పోర్ట్ బ్లెయిర్‌కూ కార్ నికోబార్‌కూ ఢిల్లీకీ మధ్య క్షేమసమాచారాలు మోశాయి.

అది డీఎక్స్‌పెడిషన్, కాంటెస్ట్ కాదు కదా అనవచ్చు. నిజమే. అక్కడ స్కోరు లేదు, గెలుపు లేదు. కానీ పైల్అప్ ముందు కూచున్నప్పుడు చేసే పని అదే. సునామీకి ముందు అక్కడ స్టేషన్ ఉండటం కాకతాళీయమే, అదృష్టంతో వాదం నిలబెట్టుకోవద్దు అని ఎవరైనా గట్టిగా అంటే కూడా ఒప్పుకోవాల్సిందే. ఆ రోజు అక్కడ ఉండటం అదృష్టం, పరికరాన్ని అప్పటికప్పుడు వాడగలగడం కాదు. దీని కంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. పోటీలో ఆరితేరినవాడు వరదలో ఒక్కోసారి అడ్డం అవుతాడు. తొందర, ఎక్కువ పవర్, పది సెకన్లకోసారి ఇంకొకరిని వెతుక్కునే బుద్ధి విపత్తు వేళ నడిచే రేడియో నెట్‌లో పనికిరావు. అక్కడ నియంత్రణ స్టేషన్ అనుమతి ఇచ్చేదాకా నోరు విప్పకూడదు, మందుల జాబితాను అక్షరం అక్షరం చదవాలి, మళ్లీ చదివించుకోవాలి. కాబట్టి పోటీ ఒక్కటే చాలు అనడం అతి అవుతుంది. పోటీ లేకుండా ఆ నెమ్మది కూడా నిలవదన్నది నా మాట. సంవత్సరానికోసారి చేసే డ్రిల్లులో సెట్టు పలికిందా లేదా అన్నంతవరకే తెలుస్తుంది. 48 గంటల పోటీలో మాత్రం కేబులు ఎక్కడ తడిసింది, పవర్ సప్లై ఎన్ని గంటలకు వేడెక్కింది, మూడో జాములో మనిషి ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా వింటున్నాడు అన్నీ బయటపడతాయి.

సెల్‌ఫోను రోజుల్లో ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు విశాఖవాసులే జవాబు చెప్పగలరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటిన తర్వాత నగరమంతా చేతిలో ఫోనుండీ మాట లేకుండా గడిపింది. ఇది డబ్బున్నవాళ్ల వ్యసనం అన్న మాటలో కొంత నిజముంది, పేరున్న సెట్లు ఖరీదైనవే. అయినా చాలా పోటీల్లో 5 వాట్ల లోపువాళ్లకు వేరే తరగతి ఉంది, ఐమూల తీగ ఖర్చు కొద్ది వందలే.

దమ్మాయిగూడలో ఇప్పుడు తీగకు అసలు శత్రువు స్థలం కాదు, రొద. పంచాయతీ రోజులు పోయాయి, చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ప్రతి ఇంట్లో ఎల్ఈడీ డ్రైవర్లు, చార్జర్లు, కప్పు మీద సోలార్ ఇన్వర్టర్లు, అన్నీ కలిసి 7 మెగాహెర్ట్జ్ మీద ఆగని గరగర పోస్తాయి. సిగ్నల్ మీటరు ముల్లు ఎవరూ మాట్లాడకపోయినా సగం దాటి నిలబడుతుంది. బలహీనమైన స్టేషన్ ఆ గరగర కిందే ఉండిపోతుంది. కొందరు తీగను మూల నుంచి ఎత్తి డాబా మధ్యలో గొట్టం మీదికి లాగి, కొసలు కిందికి దించి తిరగేసిన వీ ఆకారంలో కడతారు. రొద కొంచెమైనా తగ్గితే అది పోటీ రోజు లాగ్‌లో వెంటనే కనబడుతుంది: నిరుడు పలకని ఇండోనేషియా ఈ ఏడు పలుకుతుంది. ఆల్ ఏషియన్ మోర్స్ పోటీ వచ్చే రోజులకు మృగశిర కార్తె చివరికొస్తుంది. ఎక్కడో వంద మైళ్ల అవతలి మెరుపు కూడా చెవిలో చిటపటమంటుంది. ఆ చిటపటల మధ్య సరిగా ఐదున్నరకు మొదటి సీక్యూ, అంటే ఎవరైనా పలకండన్న పిలుపు, కొట్టాలి. కీసర గుట్ట వైపు మబ్బు పట్టి ఉరుము దగ్గరికొచ్చిందంటే కేబులు ఊడబీకి కిటికీ బయట పడేసి కూచోవడమే. ఆ ముప్పావుగంట లాగ్‌లో ఏమీ ఉండదు.