మోరిస్ దీవినుండి వచ్చిన ఉత్తరము



నేను పల్లెలో ఉపాధ్యాయుడనై యున్న కాలమున, సైన్యమునుండి వచ్చిన ఉత్తరములను చదువెరుగని తల్లులకు చదివి వినిపించుచుండెడివాడను. కవరు విప్పకమునుపే వారడుగు ప్రశ్న యొక్కటియే: "పంతులుగారూ, బిడ్డ క్షేమమేనా?" అట్టి క్షేమవార్తతోనే ఆరంభమైన ఒక ఉత్తరమును గూర్చి నేడు విన్నవించెదను.

అమెరికా దేశమున 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగెను. బానిసత్వమును నిలుపుకొనగోరి దక్షిణ రాష్ట్రములు విడివడుటయే దానికి మూలము. ఆ పోరు మొట్టమొదట రాజుకొన్నది చార్లెస్టను రేవున. 1863లో ఉత్తరాది సేనలు ఆ రేవును ముట్టడించి, దాని ముఖద్వారమునందలి మోరిస్ అను ఇసుకదీవిపై దిగినవి. అచ్చట వాగ్నరు కోట అడ్డుగా నిలిచియుండెను.

జూలై 18వ తేదీ సాయంకాలమున ఆ కోటపైకి ముందుగా నడచినది నల్లజాతి సైనికులతో గూర్చిన మసాచుసెట్సు 54వ పటాలము. ఒకవంక సముద్రము, ఒకవంక బురదనేల, నడుమ సన్నని ఇసుకబాట. పోయినవారు సుమారు 600 మంది. చనిపోయినవారు, గాయపడినవారు, కానరానివారు కలిసి 270కి పైగా. సేనాని రాబర్టు షా కోటగోడపైననే కూలెను. కోట చిక్కలేదు.

రెండు దినములకు, ఆ పటాలములోని సార్జంటు మేజరు లూయిస్ డగ్లస్ తాను పెండ్లాడదలచిన అమీలియాకు ఉత్తరము వ్రాసెను. ఇతడు బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి మహావక్తగా కీర్తిగన్న ఫ్రెడరిక్ డగ్లస్ కుమారుడు. రెండు పోరులలో పాల్గొంటిననియు, దెబ్బ తగులలేదనియు మొదటనే చెప్పెను. గుండు పేలి వరుసలో ఖాళీ యేర్పడినప్పుడెల్ల మిగిలినవారు మరల దగ్గరకు జరిగి నడచిరట. తానెట్లు బ్రతికెనో తనకే తెలియదట. తాను మరణించినచో సత్కార్యమునకై మరణించెనని తలపవలెననెను. తమవంటి సైనికులు లక్షమంది యున్నచో ఈ యుద్ధమును ముగింతుమనెను.

ఇట్టివానికి ప్రభుత్వము కట్టిన వెల యెంత? తెల్ల సైనికునికి నెలకు 13 డాలర్లు. నల్ల సైనికునికి 10, అందులో బట్టలకై 3 తరుగు. ఆ పటాలమువారు తక్కువ జీతమును ముట్టక, ఏడాదికి పైగా ఊరకయే పోరాడిరి. 1864 జూనులో శాసనసభ సమాన వేతనమునకు చట్టము చేసెను.

1863 సెప్టెంబరులో శత్రువులు వాగ్నరు కోటను విడిచిపోయిరి. యుద్ధాంతమునకు సైన్యమున చేరిన నల్లజాతివారు సుమారు 1,79,000 మంది. లూయిస్ కోరిన లక్షకు మించి వచ్చిరి. 1869లో అతడు అమీలియాను పెండ్లాడెను.

పెద్దలారా, మీ యింటి పాతపెట్టెలలో సైనికుల ఉత్తరములున్నచో పారవేయకుడు. "క్షేమము" అను నొక్కమాట వెనుక వ్రాసినవాడు ఎంత దాచెనో, పిల్లలను కూర్చుండబెట్టి చదివి చెప్పుడు.