గడ్డ పెరుగు

గిన్నె వంచినా జారకుండా, గరిటెతో తీస్తే తీసినచోట అంచు నిలిచి ఉండే పెరుగును గడ్డ పెరుగు అంటారు. మీగడ పెరుగు దీనికి దగ్గరి చుట్టమే గాని రెండూ ఒకటి కావు. పైన వేలు మందం మీగడ కట్టి అడుగున నీళ్లూరే పెరుగూ ఉంటుంది. గడ్డ పెరుగును ఇంట్లో తోడుపెట్టడం, దానికి తీపినో కారాన్నో వాసననో చేర్చడం తెలుగునేలంతటా ఉన్న పనే. ఈ వ్యాసం దాని చరిత్రను ఆలేరు వైపు నుంచి చూస్తుంది. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీది ఈ ఊరు 2016 అక్టోబరు 11 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆనాటి నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోది.

పెరుగుకు సంస్కృతంలో దధి అని పేరు. వేదకాలానికే అది నిత్యాహారం, హోమద్రవ్యం. పాలను దేనితో తోడుపెట్టవచ్చో తైత్తిరీయ సంహిత చెబుతుంది. పెరుగుతో పాటు రేగుపండు, బియ్యపు గింజలు, మోదుగ పట్ట వంటివి అందులో కనిపిస్తాయి. ఇది వింతగా తోస్తే, ఇంట్లో తోడు నిండుకున్న రోజు పచ్చిమిరపకాయ తొడిమెలు గోరువెచ్చని పాలలో వేసే అలవాటును గుర్తు చేసుకోవాలి. తొడిమె మీద, పండు తొక్క మీద ఉండే సూక్ష్మజీవులే పాలను పులియబెడతాయి. మిరప మనకు పోర్చుగీసుల రాకడ తర్వాతగాని తెలియదు. ఉపాయం మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుది.

నీరు తీసిన పెరుగును రుచులతో కలపడం కూడా పాతదే. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజభోజనాన్ని వర్ణించే భాగం ఒకటి ఉంది. పెరుగు నీరు తీసి చక్కెర కలిపి చేసే శిఖరిణి అక్కడ కనిపిస్తుంది. ఆలేరుకు కూతవేటులో ఉన్న కొలనుపాక, శాసనాల్లో కొల్లిపాక, ఆ చాళుక్యులకు ప్రాంతీయ రాజధాని. సోమేశ్వరుడి వంటశాలలోని శిఖరిణి కొల్లిపాక ఇళ్లలోనూ చేసేవారని రుజువు లేదు, అలా ఊహించుకోవలసిన పనీ లేదు. చిక్కటి తీపి పెరుగు ఈ నేలకు పరాయిది కాదనడానికి ఆ రాజ్యపు పుస్తకమే చాలు. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం ఇలాంటి వంటకాన్నే రసాల అంటుంది. పెరుగును గుడ్డలో వడగట్టి చక్కెర, మిరియాలు, ఏలకులు, కర్పూరం కలిపి చేసే ఈ వంటకాన్ని భీముడి సృష్టి అంటుంది. వంటవాడిగా విరాటుడి కొలువులో గడిపినవాడికి ఆ పేరు దక్కడం సబబే. మరాఠీ, గుజరాతీ ఇళ్ల శ్రీఖండ్ ఈ వరుసలోదే.

తెలుగు కావ్యాల్లో పెరుగు ఎక్కువగా అన్నంతోనే వస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలంలో పెట్టిన భోజనంలో వడియాలు, వరుగుల పక్కన పెరుగును చేర్చాడు. గుడిలో అది దద్ధోజనమైంది. అల్లం, మిరియాలు, ఇంగువ, కరివేపాకు పోపుతో కలిపిన పెరుగన్నం అది. తెలుగువాడికి అసలైన రుచుల పెరుగు అదేనని గట్టిగా వాదించవచ్చు. కొలనుపాక జైన క్షేత్రం కూడా కావడంతో ఇంకో సంగతి చెప్పుకోవాలి. జైనుల ఆహార నియమాల్లో పచ్చి పెరుగును పప్పుధాన్యాలతో కలపకూడదు, రెండు రాత్రులు దాటిన పెరుగు తినకూడదు. పెరుగులో ఏదో ప్రాణమున్నదే పనిచేస్తోందన్న గమనింపు ఈ నియమాల వెనుక ఉంది. సూక్ష్మదర్శిని అప్పటికి పుట్టలేదు.

ఇక ఇంటి పని. ఆలేరు చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పెరుగు గట్టిదనం బర్రెతో మొదలై దాలిలో తయారయ్యేది. జొన్నసొప్ప, వరిగడ్డి మేసే బర్రె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. ఆవుపాలలో మామూలుగా నాలుగు శాతం అటూ ఇటూ. మాంసకృత్తులూ బర్రెపాలలోనే ఎక్కువ. పొద్దున పిండిన పాలను మట్టికుండలో పోసి, పిడకలు, ఊక రాజేసిన దాలి మీద పెట్టి మూకుడు మూసేవారు. మంట ఉండదు, పొగ మాత్రం సన్నగా వస్తుంటుంది. పాలు పొంగవు, మాడవు. మధ్యాహ్నానికి పైన మీగడ పసుపుపచ్చగా ముడతలు పడుతుంది, కింద పాలు లేత ఎరుపుకు తిరుగుతాయి. సందె వేళకు పాలలోని నీరు కొంత ఆవిరై మిగిలింది చిక్కబడుతుంది. పిడక పొగ వాసన, కాగిన పాల తీపి రెండూ కుండలోనే కలిసిపోతాయి. రుచుల పెరుగు చరిత్ర రాసేవాళ్లు పండ్ల దగ్గర మొదలుపెడతారు. మన దగ్గర మాత్రం మొదటి రుచి పొగే. బెంగాల్ మిష్టి దోయిలో పాలను ఇగరబెట్టి చక్కెరను కాస్త మాడ్చి చేర్చడం, రష్యా, ఉక్రెయిన్ ఇళ్లలో పొయ్యిలో గంటల తరబడి మగ్గిన పాలను పులియబెట్టి రియాజెంకా చేయడం ఈ దారిలోవే.

తోడు వేయడానికి థర్మామీటరు చిటికెనవేలు. ముంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే పాలు సరైన వేడిలో ఉన్నట్టు. అర లీటరు పాలకు చిన్న చెంచాడు తోడు చాలు. దాన్ని చిలికి కలిపి గురిగిలో, అంటే చిన్న మట్టికుండలో, పోసి కదపకుండా ఉంచుతారు. ఎండకాలం నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. చలికాలం రాత్రంతా పడుతుంది, గురిగిని గొంగడిలో చుట్టి వడ్ల గుమ్మి పక్కన పెడతారు. మట్టి గురిగి గోడలు నీటిని పీల్చి బయటికి చెమరుస్తాయి. పెరుగు అందువల్ల ఇంకొంచెం గట్టిపడుతుంది, చల్లగానూ ఉంటుంది. దీపం పెట్టాక పొరుగింటికి తోడు ఇవ్వరాదన్న పట్టింపు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పూట తోడు బయటికి పోతే తెల్లారి తమకు ఉండదన్న జాగ్రత్త దాని మూలం కావచ్చు. మిగిలిన పెరుగు చిలికితే సల్ల. గట్కలోకి, జొన్నరొట్టెతో అదే దిక్కు.

దాలి ఎందుకు పనిచేసిందో శాస్త్రం చెప్పేసరికి 20వ శతాబ్దం వచ్చింది. బల్గేరియా విద్యార్థి స్టామెన్ గ్రిగోరోవ్ 1905లో జెనీవాలో తన దేశపు పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించాడు. పారిస్ పాశ్చర్ సంస్థలోని మెచ్నికోవ్ దాన్ని దీర్ఘాయువుతో ముడిపెట్టి పెరుగుకు ప్రపంచ ప్రచారం తెచ్చాడు. ఈ సూక్ష్మజీవులు పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ అనే మాంసకృత్తు పోగుపడి వల అల్లుకుంటుంది. పాలను ముందే 85 డిగ్రీల దాకా కాచి కాసేపు ఆ వేడిలో ఉంచితే, పాలనీటిలోని మరో మాంసకృత్తు కూడా విచ్చుకుని కేసీన్‌కు అంటుకుంటుంది. వల బిగుసుకుని నీటిని పట్టుకుంటుంది. ఒక్క పొంగు రాగానే దించేసిన పాలలో ఈ పని సగమే జరుగుతుంది. కాబట్టి పెరుగు గడ్డకట్టకపోతే తోడును తిట్టడం అన్యాయం. తోడు ఎక్కువ వేస్తే గట్టిపడదు, పులిసి నీళ్లు వదులుతుంది.

దాలిని తీసేసింది గ్యాస్ పొయ్యి, ప్యాకెట్ పాలు. 1970లో దేశంలో శ్వేతవిప్లవం మొదలైంది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది, 1981లో సహకార సమాఖ్య వచ్చింది, విజయ పాలు ఇంటింటికీ చేరాయి. పల్లె పాలు పట్నానికి మళ్లాయి. పాలమ్ముకున్న ఇంటికి చేతిలో డబ్బులు ఆడాయి గాని గురిగిలో పెరుగు పలచబడింది. ఈ లెక్కలో ఏది లాభమో చెప్పడం పాడి ఉన్నవాళ్లకే వదిలేయాలి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే కాబట్టి పట్నపు ఇళ్లు వేరే ఉపాయాలు పట్టాయి. లీటరుకు రెండు చెంచాల పాలపొడి కలపడం ఒకటి, పెరుగును పలచటి గుడ్డలో మూటకట్టి కుళాయికి వేలాడదీయడం మరొకటి. నాలుగైదు గంటల్లో మూట సగానికి సగం తగ్గుతుంది. కింద గిన్నెలోకి దిగిన తేటను పారబోయకుండా చపాతీ పిండిలో పోస్తారు.

పండ్ల పెరుగు బజారుకు ఐరోపా నుంచి వచ్చింది. 1930ల్లో ప్రాగ్‌లోని ఒక డెయిరీ పెరుగుకు జామ్ చేర్చి అమ్మింది. 1947లో అమెరికాలో డానన్ సంస్థ కప్పు అడుగున స్ట్రాబెర్రీ పెట్టింది. నీరు తీసిన పెరుగు గ్రీకు పేరుతో 2000 తర్వాత అమెరికా బజారును ఊపింది. మన దుకాణాల్లోనూ ఇప్పుడు ఆ పేరుతోనే, ఆ ధరతోనే దొరుకుతుంది. సోమేశ్వరుడి వంటవాడు చూస్తే నవ్వుకునేవాడు. అమెరికాలోని తెలుగు ఇళ్లు ఓవెన్‌లో దీపం వెలిగించి, ఆ వెచ్చదనంలో రాత్రంతా పెరుగు తోడుపెట్టుకుంటాయి. గొంగడి చేసిన పనే అది.

ఇంట్లో పండ్ల పెరుగు చేయాలంటే చక్కెర, ఏలకులు పాలలోనే కలపవచ్చు. చక్కెర ఎక్కువైతే తోడుకోవడం ఆలస్యమవుతుంది. పండు మాత్రం పెరుగు తోడుకున్నాకే వేయాలి. పచ్చి అనాస, బొప్పాయి మాంసకృత్తులను విరిచి పెరుగును చేదెక్కిస్తాయి, వాటిని ఉడికించాకే కలపాలి. మామిడి గుజ్జును కాస్త ఇగరబెడితే నీళ్లూరదు. ఈ ప్రాంతానికి తగిన పండు సీతాఫలం. పాలమూరు బాలానగర్ పేరుతోనే దాని రకం ఒకటి ప్రసిద్ధం. గింజలు తీసిన గుజ్జును, మూటకట్టి నీరు తీసిన పెరుగులో కలిపితే చక్కెర అక్కరలేదు. కారం కావాలంటే సొరకాయ పెరుగు పచ్చడి ఉండనే ఉంది.

ఎండకాలంలో రోడ్ల పక్కన కుమ్మరులు పేర్చే కుండల వరుసలో చిన్న గురుగులూ ఉంటాయి. కొన్న గురిగిని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, గంజి కాచి పోసి ఆరబెట్టాకే పెరుగుకు వాడాలి. వాడాక వేడినీళ్లతో, కొబ్బరి పీచుతో కడిగి ఎండలో బోర్లించాలి. సబ్బు తగలనీయకూడదు. మట్టి దాన్ని పీల్చుకుంటుంది, మరునాటి పెరుగుకు ఆ వాసన వస్తుంది.